అమ్మానాన్నలు వెంట ఉంటే లెక్క వేరు

అమెరికా ఎయిర్‌పోర్టుల్లో సెక్యూరిటీ తనిఖీకి ముందే నమోదు చేసుకున్నవాళ్లకు వేరే లైన్ ఉంటుంది, అదే టీఎస్ఏ ప్రీచెక్. అది ఒకరికి ఉంటే కుటుంబమంతా సెక్యూరిటీ త్వరగా దాటేయొచ్చని అంటుంటారు. పిల్లల వరకు అది నిజమే. 12 ఏళ్లలోపు వాళ్లు, 12 నిండినవాళ్లు కూడా, ప్రీచెక్ ఉన్న తల్లితోనో తండ్రితోనో అదే లైన్లో వెళ్లొచ్చు. 13 నుంచి 17 ఏళ్ల పిల్లలు మాత్రం అదే బుకింగ్‌లో ఉండాలి, వాళ్ల బోర్డింగ్ పాస్ మీద కూడా ప్రీచెక్ గుర్తు పడాలి.

హెచ్‌1బీ మీద ఉన్న మనవాళ్లకు ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. గ్రీన్‌కార్డ్ లేకపోతే ప్రీచెక్‌కు నేరుగా అప్లై చేయలేరు. కానీ భారత పౌరులు గ్లోబల్ ఎంట్రీకి (విదేశాల నుంచి అమెరికాలో దిగినప్పుడు ఇమిగ్రేషన్ త్వరగా దాటించే సభ్యత్వం) అప్లై చేయొచ్చు, ప్రీచెక్ అందులోనే కలిసి వస్తుంది. ఐదేళ్లకు 120 డాలర్లు. తల్లిదండ్రులకు ఉంటే, లేదా వాళ్లూ అప్లై చేస్తుంటే, 2024 అక్టోబర్ నుంచి 18 ఏళ్లలోపు పిల్లలకు ఫీజు లేదు. మన ఇంటిపేర్లు పొడవు కదా, టికెట్ మీద పేరు అప్లికేషన్‌లో ఉన్నట్టే ఉండాలి, సభ్యత్వ నంబరు కూడా బుకింగ్‌లో వేయాలి. లేకపోతే ఆ గుర్తు రాదు.

ఇక ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు. మీ ప్రీచెక్ వాళ్లకు వర్తించదు. ఇంగ్లిష్ రాని పెద్దవాళ్లను మామూలు లైన్లో వదిలేసి మనం ముందు వెళ్లిపోవడం అస్సలు సరికాదు. దంపతుల్లో ఒకరు పిల్లలతో ప్రీచెక్‌లో, ఇంకొకరు పెద్దవాళ్లతో మామూలు లైన్లో వెళ్లండి. వాళ్ల పాస్‌పోర్టులు, మందుల సంచి ఆ రెండోవాళ్ల దగ్గరే ఉంచండి.