కలెక్టర్ చెయ్యి ఎటు పోతదో ఎక్సెల్ చెప్తది

మన దిక్కు పోరగాళ్లకు లెక్కలు రావని బాధపడే సార్లు ఒక్కసారి వైన్ షాపుల టెండర్ల టైంల మిర్యాలగూడ రావాలె. పదో తరగతిల లెక్కల పరీక్ష అంటే జ్వరం తెచ్చుకున్నోళ్లు గూడ చాయ్ హోటల్ల కూసొని ప్రాబబిలిటీ, స్టాండర్డ్ డీవియేషన్ అని మాట్లాడుకుంటరు.

తెల్వనోళ్ల కోసం చెప్తున్న. తెలంగాణల 2,620 వైన్ షాపులు, ఒక్కో అప్లికేషన్‌కు ఒక టోకెన్ నంబర్, రెండేండ్లకోసారి కలెక్టర్ టోకెన్ తీసి డ్రా జేసి లైసెన్సులిస్తరు, అప్లికేషన్ ఫీజు 2023ల రెండు లక్షలు, 2025ల మూడు లక్షలు, షాపు తగిలినా తగలకపోయినా ఆ పైసలు వాపస్ రావు, ఒక్క మనిషి ఎన్నన్నా ఏసుకోవచ్చు. గింత పెద్ద యవ్వారాన్ని అదృష్టానికి వదిలేస్తమా? అందుకే ఎక్సెల్ షీట్.

షీట్ తయారుజేసింది మా వాడకట్టు తమ్ముడే, సాఫ్ట్‌వేర్, వర్క్ ఫ్రమ్ హోమ్. పోయిన డ్రాల తగిలిన టోకెన్ నంబర్లన్నీ ఎక్కించిండు, ఏది ఎన్నిసార్లొచ్చిందో లెక్కబెట్టే కౌంట్‌ఇఫ్ ఫార్ములా పెట్టిండు, ఎక్కువసార్లు తగిలినయి హాట్ నంబర్లు, వాటికి ఆకుపచ్చ రంగు, అసలు తగలనియి కోల్డ్ నంబర్లు, వాటికి ఎరుపు. హాట్ నంబర్ ఎందుకు తీస్కోవాలె అంటే ఊపుమీదున్నది గాబట్టి, కోల్డ్ నంబర్ ఎందుకు తీస్కోవాలె అంటే ఈసారి దాని వంతు గాబట్టి. రెండు దిక్కుల నుంచి కరెక్టే అయ్యే శాస్త్రం ఇంకోటి జూపియ్యుండ్రి. పోయినసారి తగిలిన ముచ్చట టోకెన్‌కు యాదుంటదా అని ఒక లెక్కల సారు అడిగిండు, ఆయన్ని గ్రూప్ల నుంచి తీసేసిండ్రు.

ఇగ ఆఖరి నంబర్ చెప్పే సెల్ల ఉన్నది రాండ్‌బిట్వీన్, అంటే చిట్టీ తీసినట్టు ఏదో ఒక నంబర్ తీసే ఫార్ములా. దాని గుణం ఏందంటే షీట్ల ఏడ ఏం టైప్ జేసినా అది మళ్ల లెక్క గట్టి కొత్త నంబర్ ఇస్తది. పార్ట్‌నర్ల పేర్లు రాస్తుంటే ‘మల్లయ్య’ అని కొట్టి ఎంటర్ నొక్కేసరికి 23 పోయి 8 వచ్చింది, అంతే, మల్లయ్య జాతకం మంచిగలేదని ఆయన్ని పార్ట్‌నర్‌షిప్ నుంచే తప్పించిండ్రు. ఆఖరికి చెర్వుగట్టు రామలింగేశ్వరస్వామికి దండం పెట్టి మళ్ల లెక్క గట్టించే ఎఫ్9 మూడుసార్లు కొట్టి, మూడోసారి వచ్చినదాన్ని ఇగ మారకుండ పేస్ట్ స్పెషల్ వాల్యూస్ జేసి లాక్ జేసిండ్రు. వచ్చింది 41. మనోళ్లు ఏసిన షాపుకు మొత్తం పడ్డయే 31 అప్లికేషన్లు, అది వేరే ముచ్చట.

అన్యాయంగ మాట్లాడొద్దు, షీట్ల నిజమైన లెక్క గూడ ఒకటున్నది. 2025ల సగటున షాపుకు 36 అప్లికేషన్లు పడ్డయ్. అసుమంటి పది షాపులకు ఒక్కోటి ఏస్తే కనీసం ఒక్కటన్నా తగిలే ఛాన్స్ నూటికి 24 చిల్లర, అంటే 30 లక్షలు గంగల కలిసే ఛాన్స్ నూటికి 75 దాకా. తమ్ముడు ఈ కాలమ్ పక్కాగ గట్టిండు, గట్టినంక హైడ్ జేసిండు. ఎందుకురా అంటే, “ఇన్వెస్టర్లు పరేషాన్ అయితరన్నా” అన్నడు.

సర్కారు కాడ గూడ ఒక షీట్ ఉంటది. దాంట్ల హాట్ లేదు కోల్డ్ లేదు, ఒక్క కాలమ్, కింద ఒక్క సమ్. 2023ల లక్షా ముప్పై వేల పైన అప్లికేషన్లు వచ్చి ఆ సెల్ 2,600 కోట్లు దాటింది. 2025ల అప్లికేషన్లు 95 వేల చిల్లరకు పడిపోయినయ్, అయినా ఫీజు పెంచిన పుణ్యాన సమ్ 2,800 కోట్లు దాటింది. మనుషులు తగ్గితే పైసలు పెరిగే ఫార్ములా మా తమ్మునికి ఇంకా దొరకలే.

ఇప్పటి లైసెన్సులు 2027 నవంబర్ దాకా. తమ్ముడు కొత్త వర్షన్ అప్పుడే షురూ జేసిండు, ఈసారి ఒక కాలమ్ ఎక్కువ: టోకెన్ తీసే కలెక్టర్‌ది ఎడమచేతి వాటమా, కుడిచేతి వాటమా. మరి కలెక్టర్ బదిలీ అయితే ఎట్లరా అని అడిగితే, దానికి వేరే పట్టికల నుంచి ఎతికి తెచ్చే వీ-లుకప్ పెడ్తున్న అన్నడు.