నాలాకు నోటీసు

(హైదరాబాదులో ఒక కాలనీ. సంక్షేమ సంఘం కార్యదర్శి పురుషోత్తం గారు వరండాలో కూర్చుని నోటీసు రాస్తున్నారు. ఆయన భార్య సుభద్ర గారు నీటిపారుదల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యారు. ఈ సంగతి ఆయనకు ఏటా వానాకాలంలోనే మరుపుకు వస్తుంది.)

పురుషోత్తం: విను సుభద్రా. "వాననీటి కాలువపై ర్యాంపు, మెట్టు, అరుగు వగైరాలు కట్టినవారు ఏడు రోజుల్లోగా స్వచ్ఛందంగా తొలగించవలెను."

సుభద్ర: మన గేటు ముందు కారు కోసం పోయించిన కాంక్రీటు దిమ్మె వీటిలో దేని కిందికి వస్తుందండీ?

పురుషోత్తం: అది ర్యాంపు కాదు, వాలు.

సుభద్ర: ఆ వాలు కింద మీరు పెట్టించిన గొట్టం అరడుగుది. కిందటి వానలకు అందులోంచి పాల ప్యాకెట్లు, కొబ్బరి పీచు, ఒక టెన్నిస్ బంతి కర్రతో కెలికి బయటికి లాగింది నేను. గొడుగు పట్టుకుని సలహాలిచ్చింది మీరు.

పురుషోత్తం: అసలు దోషులు నాలా అంచున గోడలు లేపినవాళ్లు! 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం నాలా వెడల్పు పది మీటర్లు దాటితే తొమ్మిది మీటర్లు, దాటకపోతే రెండు మీటర్లు అంచు నుంచి వదిలిపెట్టాలి. మీ తమ్ముడు రెండు జానలైనా వదిలాడా?

సుభద్ర: వాడి ప్రహరీకి ముహూర్తం పెట్టించి, దగ్గరుండి కొబ్బరికాయ కొట్టిన పెద్దమనిషి ఎవరు?

పురుషోత్తం: కొబ్బరికాయ కొట్టడం ఏ నిబంధనకూ విరుద్ధం కాదు. సరే, ఇంకొక అంశం. "వీధిలో నీళ్లు నిలిచినప్పుడు కార్యదర్శి స్వయంగా మ్యాన్‌హోల్ మూత తీయించును."

సుభద్ర: తీయించండి. 1989 నాటి జలమండలి చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఆ మూత తెరవడం నేరం. పైగా నీళ్లలో కనిపించని ఆ గోతిలో ఎవరైనా పడితే ఏమిటి గతి?

పురుషోత్తం: మరి ఆ మూతలోంచే నీళ్లు ఎగదన్నుతున్నాయి కదా!

సుభద్ర: ఎందుకు ఎగదన్నవు? అది వంటింటి నీళ్లకూ స్నానాల గది నీళ్లకూ సరిపడేలా వేసిన మురుగు పైపు. మీరేమో మేస్త్రీ మాట విని డాబా మీది వాననీటి గొట్టాన్ని దానికే కలిపించారు. మన డాబా వంద చదరపు మీటర్లు కాబట్టి ఒక్క సెంటీమీటరు వాన పడితే వెయ్యి లీటర్లు, ఐదు సెంటీమీటర్లు పడితే ఐదు వేల లీటర్లు అందులోకి దిగుతాయి. వీధి వీధంతా ఇలాగే కలిపితే ఆ నీళ్లు మూత తన్నుకుని రాక మర్యాదగా తలుపు తట్టి వస్తాయా?

పురుషోత్తం: 1908 సెప్టెంబరు 28న మూసీ ఊరిని ముంచెత్తినప్పుడు మన గొట్టం ఉందా? లేదు. అయినా మునిగింది.

(ఈ వాదానికి సుభద్ర గారు కాసేపు మాట రాక నిలబడిపోయారు. వాదం బలమైనదని కాదు.)

సుభద్ర: ఆ వరద తరవాతే కదా నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది! ఆయన ఎగువన జలాశయాలు కట్టమని చెప్పి ఊరుకోలేదు, నగరానికి మురుగునీటి పారుదల పథకం కూడా వేసి పెట్టారు. ఆయన చదివిన శాస్త్రంలో వాలు వేరు, ర్యాంపు వేరు అని ఎక్కడా ఉండదు. ముందు ఆ గొట్టాన్ని మురుగు పైపు నుంచి తప్పించి ఇంకుడు గుంతలోకి మళ్లించండి.

పురుషోత్తం: గుంత తవ్వాలంటే నా గులాబీలు పోతాయి. పోనీ, ముందు తనిఖీ కానివ్వు. ప్లాటు నంబర్ల వరుసలో మొదలుపెడతాను.

సుభద్ర: ఒకటో నంబరు మనదే.

పురుషోత్తం: అయితే ఆఖరి నుంచి.

సుభద్ర: ఆఖరిది మా తమ్ముడిది. పాపం, వాడు ఇప్పుడే రంగులు వేయించాడు.

పురుషోత్తం: అలాగైతే మధ్య నుంచి మొదలుపెడదాం. ఎవరికీ బాధ ఉండదు.

సుభద్ర: మధ్యలో ఉన్నది మీ సంఘం ఆఫీసు. దాని మెట్లు కాలువ మీదే ఉన్నాయి.