సాయినగర్‌లో మొసలి

ఆదివారం సాయంత్రం, అనంతపురం సాయినగర్‌లోని మా హాల్లో, తొమ్మిది మంది కళ్లెదుట, నేను ఒక స్విట్జర్లాండ్ మొసలిని వెల్లకిలా పడుకోబెట్టి, దాని పొట్ట కింది రేకును కటింగ్ ప్లేయరుతో పట్టి లాగాను. ఆ రేకు దేనికో తెలిసి ఉంటే లాగేవాణ్ణి కాను. తెలియదని ఒప్పుకొని ఉన్నా లాగేవాణ్ణి కాను. ఈ రెండింటికీ నడుమ నిలబడి పరువు పోగొట్టుకోవడం నాకు చిన్ననాటి నుంచీ ఉన్న అలవాటు.

మొసలి అంటే నీళ్లలోది కాదు. గొట్హార్డ్ కొండదారి మీద బరువైన గూడ్సు బండ్లను లాగడానికి స్విట్జర్లాండ్ వారు 1919 నుంచి తయారు చేయించుకున్న విద్యుత్ ఇంజను అది. ముందొక పొడవాటి ముక్కు, వెనకొక పొడవాటి ముక్కు, నడుమ డ్రైవర్ల గది. మలుపు వచ్చినప్పుడు ముక్కులు రెండూ విడివిడిగా వంగుతాయి కనుక జనం దానికి మొసలి అని పేరు పెట్టారు. అసలు ఇంజనును 87వ వంతుకు కుదిస్తే, అంటే హెచ్‌ఓ అనే రైలు బొమ్మల కొలతలో బొమ్మగా చేస్తే, జానెడు పొడవు వస్తుంది. ఆ జానెడు కోసం నేను పద్నాలుగు నెలలు ఎదురు చూశాను.

నేరమంతా కేటలాగులో మొదలైంది కనుక దాని సంగతి కొంత చెప్పాలి. ఏటా జనవరి చివర్లోనో ఫిబ్రవరి మొదట్లోనో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో బొమ్మల సంత జరుగుతుంది. 1950లో మొదలైన ఆ సంత వేళకు రైలు బొమ్మల కంపెనీలు తమ కొత్త విడుదలల పుస్తకాలను బయటపెడతాయి. మనకు ఉగాది నాడు పంచాంగం ఎలాగో నాకు ఆ పుస్తకాలు అలాగ. నా రాశికి ఆదాయం 2, వ్యయం 14 అని ముందే తెలిసినా, ఈ ఏడాదైనా మారిందేమోనని ఆశగా పేజీలు తిప్పుతాను. మారదు. నిజానికి కొత్త విడుదలలు అన్నవాటిలో కొత్తదనం తక్కువే. నిరుడు గోధుమ రంగు మొసలి వస్తే ఈ ఏడాది ఆకుపచ్చ మొసలి వస్తుంది, వచ్చే ఏడాది అదే ఆకుపచ్చ మొసలి వేరే నంబరుతో, కాస్త దుమ్ము పట్టినట్టు రంగు వేసుకొని వస్తుంది. అచ్చు ఒకటే, అంచు మార్చిన చీర అన్నమాట. ఈ కిటుకు నాకు ఇరవై ఏళ్లుగా తెలుసు, అయినా ఆ అంచు చూసి ఇరవై ఏళ్లుగా పడిపోతూనే ఉన్నాను.

బొమ్మ కింద చీమ తలకాయలంత గుర్తులు ఒక వరుసలో ఉంటాయి. ఇంజను ఏ కాలానిదో చెప్పే రోమన్ అంకె అందులో ఒకటి. రైల్వే చరిత్రను వాళ్లు ఆరు యుగాలుగా పంచుకున్నారు, మన నాలుగు యుగాలు వాళ్లకు చాలలేదు. దీపాలు వెలుగుతాయా, కూత వినిపిస్తుందా, పొడవెంత అన్నవి మిగిలిన గుర్తులు చెబుతాయి. బస్సు టికెట్టు వెనక అచ్చు వేసిన నిబంధనలను ఎంత శ్రద్ధగా చదువుతానో ఆ వరుసను కూడా అంతే శ్రద్ధగా చదివి, విదేశీ దుకాణానికి డబ్బు కట్టేశాను.

పార్శిలు వచ్చింది. బొమ్మల మీద మన దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. నేను ఎంత కట్టానో మాత్రం ఇక్కడ రాయను, ఇది మా ఇంట్లో కూడా చదువుతారు.

పెట్టెను నేను ఒక్కణ్ణే మేడ మీది గదిలో తెరుచుకొని ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు. కానీ ఆ ఆదివారం మా అక్కా బావగారూ గుంతకల్లు నుంచి వచ్చారు. బావగారు విశ్రాంత లోకో పైలట్, ముప్పై ఏళ్లకు పైగా గుత్తి షెడ్డు డీజిల్ ఇంజన్లు నడిపిన మనిషి. నా అభిరుచి మీద ఆయనకు ఒకే ఒక అభిప్రాయం ఉంది, దాన్ని ప్రతి పండుగకూ చెబుతారు: "మేము నడిపింది బండి, నువ్వు నడిపేది ఆట." ఈసారి ఆయన చేత ఔననిపించాలన్న దురాశతో, ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న ప్లైవుడ్ పలకను పట్టాలతో సహా హాల్లోకి దింపించాను. దాని మీది స్టేషనుకు నేనే చేత్తో రాసిన పసుపు బోర్డు ఉంది. గుంతకల్లు అని మూడు భాషల్లో రాశాను, హిందీ అక్షరాలు కొంచెం ఇరుకయ్యాయి. ఎదురింటి పెద్దాయన కుటుంబంతో సహా వచ్చి కూర్చున్నారు. మా ఆవిడ ఉగ్గానీ బజ్జీలూ తెచ్చి పెట్టింది.

"ఏమప్పా, ఇది మీటర్ గేజా?" అన్నది బావగారి తొలి ప్రశ్న. స్విట్జర్లాండ్ పట్టాల ఎడం 1435 మిల్లీమీటర్లనీ, దానిలో 87వ వంతు పదహారున్నర అనీ, మన బ్రాడ్ గేజి 1676 కనుక అదే లెక్కన పంతొమ్మిది దాటాలి గానీ అంత ఎడం ఉన్న పట్టాలు బజారులో దొరకవు కనుక, మన ఇంజన్ల నమూనాలను కూడా చాలామంది ఈ పదహారున్నర మీదే నడుపుకుంటారనీ వివరించాను. ఆయన మిరపకాయ బజ్జీ కొరికి, "అంటే దొంగ లెక్క" అని తేల్చారు. రెండో ప్రశ్న, పైన పాంటోగ్రాఫ్ (తీగ నుంచి కరెంటు తీసుకునే చట్రం) ఉంది, మరి తీగ ఏదీ అని. ఆ పాంటోగ్రాఫ్ అందానికేననీ, కరెంటు కింది నుంచి పట్టాల ద్వారా వస్తుందనీ చెప్పాను. ఈ ముక్క నా నోటితోనే చెప్పానని దయచేసి గుర్తుంచుకోండి.

తర్వాత ఇంజనును తిప్పి దాని అడుగు చూశాను.

చక్రాల నడుమ, వేలెడు పొడవున, పల్చటి లోహపు రేకు ఒకటి వేలాడుతోంది. రెండు కొనలూ పైకి వంగి ఉన్నాయి. నొక్కితే లోపలికి పోతుంది, వదిలితే బయటికి వస్తుంది. ఇరవై ఏళ్లలో నేను కొన్న ఏ ఇంజనుకూ అలాంటిది లేదు. నా ముఖంలో ఆ సంగతి కనిపించి ఉండాలి, ఎందుకంటే అంతవరకు బజ్జీల మీద ఉన్న సభ మొత్తం ఆ రేకు మీదికి మళ్లింది.

బుల్లి అట్లకాడలా ఉందని మా ఆవిడ అంది. కాదు, నాలుక గీసుకునే బద్ద అని అక్క సవరించింది. ఆకారం వరకు చూస్తే అక్క మాటే నిజమని నేను ఈ రోజుకీ ఒప్పుకుంటాను. పశువులు అడ్డం వస్తే తోసెయ్యడానికి ఉంటుందేమోనని ఎదురింటి పిన్నిగారు సందేహం వెలిబుచ్చారు. అలాంటిది ముక్కు దగ్గర ఉంటుంది గానీ పొట్ట కింద ఎందుకుంటుంది, పొట్ట దాకా వచ్చిన పశువును తోసి మాత్రం లాభమేమిటి అని పెద్దాయన ఆమెను ఖండించి, ఇది ముమ్మాటికీ ఎర్తింగు అన్నారు. ఆయన తోటలో నాలుగు బోర్లు వేయించి మూడు మోటార్లు కాల్చుకున్న అనుభవజ్ఞులు కనుక ఆ మాటకు కొంత బరువు వచ్చింది. చివరికి అందరూ బావగారి వైపు చూశారు. ఆయన ఇంజనును చేతిలోకి తీసుకొని, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, వేలితో రేకును రెండుసార్లు మీటి తీర్పు చెప్పారు: "ప్యాకింగు క్లిప్పప్పా ఇది. దారిలో చక్రాలు కదలకుండా పెట్టింటారు. మా షెడ్డుకి కొత్త సామాను వచ్చినప్పుడు ఇట్లాంటివి ఎన్నో తీసి పారేస్తాంటిమి. లాగెయ్."

సూచనల పుస్తకం నా ఒళ్లోనే ఉంది. కానీ లోకో పైలట్ ఎదుట పుస్తకం తెరవడమంటే పెళ్లి పందిట్లో పురోహితుడు ఫోనులో మంత్రాలు వెతుక్కోవడం లాంటిది. వేలితో లాగాను, రాలేదు. గోరుతో లాగాను, గోరు విరిగింది. అది నిజంగా మొసలి పట్టే. పెద్దాయన తన మనవణ్ణి పంపి ఇంట్లోంచి కటింగ్ ప్లేయరు తెప్పించారు. ఒకరు ముక్కు పట్టుకోగా, ఇంకొకరు తోక పట్టుకోగా (మొసలికి రెండు వైపులా ముక్కే అని అంతకు ముందే చెప్పాను, అయినా పెద్దాయన తాను పట్టుకున్నది తోకే అంటారు), నేను లాగాను. టక్కుమని చప్పుడైంది. రేకు ఊడిరాలేదు గానీ ఒక కొన విడిపోయి, మెలితిప్పిన మీసంలా ఇంజను పక్కకు లేచి నిలబడింది. "వచ్చింది చూడు" అన్నారు బావగారు.

ఆ మీసంతోనే దాన్ని పట్టాలెక్కించి మీట తిప్పాను. మొసలి కదలలేదు. ఇంకా తిప్పాను. రెగ్యులేటరు మీద ఎర్ర దీపం వెలిగి అంతా ఆగిపోయింది. "కరెంటు పోయినట్టుంది" అని పెద్దాయన అలవాటు కొద్దీ లైన్‌మన్‌కు ఫోను కలిపారు. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది, ఆయన దాని కిందే కూర్చొని మాట్లాడుతున్నారు. పాపం ఆ లైన్‌మన్ ఐదు నిమిషాల్లో బయలుదేరతానన్నాడు.

ఈ గందరగోళంలో పెద్దాయన మనవడు ఖాళీ పెట్టెను చేతిలో తిప్పుతూ అన్నాడు: "సార్, ఇక్కడ మూలన అల లాంటి గుర్తు ఉంది. మీరు శుక్రవారం బోర్డు మీద వేసింది ఇదే కదా సార్?"

ఇక నా వృత్తి చెప్పక తప్పదు. నేను జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం బోధిస్తాను. ఆ అబ్బాయి ద్వితీయ సంవత్సరంలో నా విద్యార్థి. శుక్రవారం నేను మొదలుపెట్టిన పాఠం ఏకాంతర విద్యుత్ ప్రవాహం, అంటే దిశ మార్చుకుంటూ పారే కరెంటు, వాడుకలో ఏసీ. దాని గుర్తే ఆ అల.

రైలు బొమ్మల లోకంలో రెండు పద్ధతులున్నాయని నాకు తెలియక కాదు. నాది డీసీ, అంటే ఒకే దిశలో పారే కరెంటు, 12 వోల్టులు. ఒక పట్టా ధన, ఇంకో పట్టా రుణ, రెండు వైపుల చక్రాలకూ నడుమ విద్యుత్ బంధం లేకుండా అడ్డు ఉంటుంది. మెర్క్లిన్ కంపెనీ స్థిరపరచిన రెండో పద్ధతి ఏసీ, అందులో రెండు పట్టాలూ కలిసి ఒకే ధ్రువం, స్లీపర్ల, అంటే పట్టాల కింది అడ్డ దిమ్మెల, మధ్యభాగంలో వరుసగా ఉండే చిన్న మేకులు రెండో ధ్రువం. ఆ మేకుల మీద జారుతూ కరెంటు తీసుకోవడానికి ఇంజను అడుగున ఒక రేకు ఉంటుంది. అటువంటి ఇంజను చక్రాలకు నడుమ అడ్డు అక్కర్లేదు కనుక, దాన్ని తెచ్చి నా పట్టాల మీద పెడితే చక్రాలే రెండు పట్టాలనూ కలిపేసి షార్ట్ సర్క్యూట్ చేస్తాయి. చాలా కంపెనీలు ఒకే ఇంజనును రెండు రకాలుగానూ చేసి అమ్ముతాయి. ఇదంతా నాకు తెలుసు. పరీక్షలో వస్తే నాలుగు మార్కులకు నాలుగూ వేస్తాను.

"నేను అప్పుడే అనుకున్నా, అది కరెంటు తీసుకునే షూ అని" అన్నారు బావగారు, క్లిప్పు మాట అసలు తన నోట రానట్టు. "బెంగళూరు మెట్రోకి పక్కన మూడో పట్టా ఉంటాది కదా, 750 వోల్టులు, దానికీ ఇట్లాంటిదే." అక్కడితో ఆగి ఉంటే నేను క్షమించేవాణ్ణి. ఆయన ఇంకో బజ్జీ తీసుకొని కొనసాగించారు. అసలు గొట్హార్డ్ మొసలి కూడా 15 వేల వోల్టుల ఏసీ ఇంజనేనట. దాని చుట్టం మన దేశంలోనూ ఉండేదట. బొంబాయి ఘాట్ల మీద గూడ్సు లాగడానికి 1928లో మొదటివి స్విట్జర్లాండ్ నుంచే వచ్చాయనీ, జనం దాన్ని ఖేక్డా, అంటే పీత, అనేవారనీ, అది 1500 వోల్టుల డీసీ మీద నడిచేదనీ, ఒకటి ఢిల్లీ రైల్వే మ్యూజియంలో తాను కళ్లారా చూశాననీ చెప్పారు. "డీసీ కావాలంటే పీతను తెప్పించుకోవాల. నువ్వు ఏసీ మొసలిని తెప్పించుకొని డీసీ మీద ఎక్కించినావు. ఫిజిక్సు సారువి కదప్పా!" ఇందులో ఒక్క తప్పు కూడా లేకపోవడమే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

ఆ రాత్రే దుకాణానికి ఉత్తరం రాశాను. వాళ్ల పేజీలో శీర్షిక మూడు వరుసలుంది. రంగు ఉంది, యుగం ఉంది, ఇంజను నంబరు ఉంది, ఏ రకం కరెంటో మాత్రం లేదు. మా ఊళ్లో టిఫిను బండి వాడు కూడా దోసె పోసే ముందు ఎర్రకారం పూయాలా వద్దా అని అడుగుతాడు. ఇన్ని వేల రూపాయల వస్తువు అమ్మేవారికి ఆ మాత్రం అడగాలని తోచదా? మర్నాడే జవాబు వచ్చింది. గుర్తు కేటలాగులో స్పష్టంగా ఉందట, వస్తువు సంఖ్యలో చివరి అంకె కూడా వేరట. మామూలుగా అయితే తిరిగి తీసుకునేవారట గానీ, నేను జతచేసిన ఫొటోలో అడుగు రేకు కొనుగోలుదారు చేతిలో దెబ్బతిన్నట్టు కనిపిస్తోంది కనుక వీలుకాదట. కావాలంటే మేకుల పట్టాలూ వాటి ట్రాన్స్‌ఫార్మరూ కొనుక్కోవచ్చట. ధర చూశాను, ఇంజను ధర కన్నా ఎక్కువే. ఉత్తరంతో పాటు ఈ ఏటి కొత్త విడుదలల కేటలాగు కూడా పంపారు.

మొసలి ఇప్పుడు మీసంతో సహా టీవీ పక్కన ఉంది. రేపు ద్వితీయ సంవత్సరం వాళ్లకు మూడో పీరియడులో ఆ పాఠం కొనసాగించాలి, ఆ అబ్బాయి మొదటి బెంచీలో కూర్చుంటాడు. సెలవు చీటీ రాసి పెట్టుకున్నాను. కారణం అన్న చోట మాత్రం ఇంకా ఏమీ రాయలేదు.