వెనబుల్స్ వెళ్ళాక క్లెమ్సన్ వేసుకోని ప్రశ్న

కళాశాల ఫుట్‌బాల్ జట్టు నుంచి ఒక పేరున్న అసిస్టెంట్ కోచ్ వెళ్ళిపోయాడన్న వార్త రాగానే అభిమానులూ, విలేకరులూ, విశ్వవిద్యాలయ పెద్దలూ అందరూ ఒకే మాట అడుగుతారు: "ఆయన స్థానంలోకి ఎవరు వస్తున్నారు?" దానికంటే ముందు తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. వెళ్ళినవాడితో పాటు జట్టు ఏమేమి పోగొట్టుకుంది? 2021 డిసెంబరులో డిఫెన్సు కోచ్ బ్రెంట్ వెనబుల్స్ వెళ్ళిపోయినప్పుడు క్లెమ్సన్ విశ్వవిద్యాలయం ఈ రెండో సంగతి తేల్చుకోకుండానే మొదటి ప్రశ్నకు జవాబు చెప్పేసిందనీ, ఆ తొందరపాటు ఖరీదును ఆ తర్వాత వచ్చిన ప్రతి సీజన్‌లోనూ కట్టిందనీ నా నమ్మకం. దక్షిణ కరోలినాలో ఉంటూ ఏళ్ళ తరబడి ఈ జట్టును ప్రేమిస్తున్న తెలుగువారిలో నేనూ ఉన్నాను కనుక, ఈ మాటలు కాస్త వివరంగానే రాస్తున్నాను.

అమెరికన్ ఫుట్‌బాల్‌తో పరిచయం లేని మిత్రుల కోసం కొంచెం చెప్పాలి. ఈ ఆటలో దాడి చేసే పదకొండు మంది వేరు, అడ్డుకునే పదకొండు మంది వేరు. దాడికి (ఆఫెన్సు) ఒక కోఆర్డినేటర్, అడ్డుకోవడానికి (డిఫెన్సు) ఒక కోఆర్డినేటర్ ఉంటారు. ప్రతి ఆటకట్టులోనూ ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎటు కదలాలో సాధారణంగా వీరే నిర్ణయిస్తారు. వీరి కింద దాడిని నడిపి బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌లకు, ముందు వరుసలో నిలబడే లైన్ ఆటగాళ్ళకు, విసిరిన బంతిని అందుకునే రిసీవర్లకు విడివిడిగా కోచ్‌లు ఉంటారు. వీరందరూ హెడ్ కోచ్‌కు అసిస్టెంట్లు. అయితే వీరి పని మైదానంతో అయిపోదు. పదిహేడేళ్ళ కుర్రవాడి ఇంటికి వెళ్ళి, వాళ్ళమ్మ ఎదురుగా కూర్చుని, "మీ అబ్బాయిని నాకు అప్పగించండి" అని అడిగి ఒప్పించేది కూడా ఈ అసిస్టెంట్లే. అందువల్ల ఒక కోచ్ వెళ్ళాడంటే వ్యూహం పోవడమే కాదు, అతని మాట నమ్మి వచ్చిన పిల్లల్లో కొందరి మనసు కూడా చలిస్తుంది. వేరే విశ్వవిద్యాలయానికి మారాలనుకునే ఆటగాళ్ళు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చాక ఆ చలించిన మనసుకు తలుపు ఎప్పుడూ దగ్గరలోనే ఉంటోంది.

ఇదే క్లెమ్సన్ ఒకప్పుడు ఈ పని ఎంత గొప్పగా చేసిందో గుర్తు చేసుకుంటేనే 2021 నిర్ణయం ఎందుకు బాధిస్తుందో అర్థమవుతుంది. 2012 జనవరి 4న, సీజన్ చివర జరిగే పెద్ద ఆటల్లో (బౌల్ గేమ్‌లు) ఒకటైన ఆరెంజ్ బౌల్‌లో, వెస్ట్ వర్జీనియా చేతిలో 70-33 స్కోరుతో ఓడిపోయినప్పుడు క్లెమ్సన్ డిఫెన్సు దేశం ముందు నవ్వులపాలైంది. కోఆర్డినేటర్ కెవిన్ స్టీల్ పదవి పోయింది. హెడ్ కోచ్ డాబో స్వినీ వెంటనే కన్నేసింది ఓక్లహోమాలో 1999 నుంచి పనిచేస్తున్న బ్రెంట్ వెనబుల్స్ మీద. అప్పటికి ఓక్లహోమా హెడ్ కోచ్ బాబ్ స్టూప్స్ తమ్ముడు మైక్ స్టూప్స్, అరిజోనాలో హెడ్ కోచ్ పదవి పోయి, తిరిగి అన్న దగ్గరికే డిఫెన్సు బాధ్యతలతో వస్తున్నాడు. పదమూడేళ్ళు కష్టపడిన చోట తన స్థానం ఇరుకవుతున్న మనిషికి, అదే సమయంలో, పూర్తి అధికారంతో కూడిన పిలుపు వచ్చింది. నా దృష్టిలో మంచి వెతుకులాట అంటే ఇది. దేశంలో ఎవరు గొప్పవాడని చూసి ఊరుకోకుండా, ఆ గొప్పవాళ్ళలో ఈ నెలలో కదలడానికి ఎవరికి కారణం ఉందో కూడా చూశారు. తమకు లేనిదేమిటో స్వినీకి అప్పుడు స్పష్టంగా తెలుసు: ప్రత్యర్థి పన్నాగాన్ని పసిగట్టి, ఆఖరి క్షణంలో తన ఆటగాళ్ళను మార్చి నిలబెట్టగల బుర్ర. సరిగ్గా ఆ బుర్ర వచ్చింది. ఆవేశంలో గీత దాటి మైదానంలోకి వెళ్ళిపోకుండా వెనబుల్స్‌ను నడుం దగ్గర పట్టుకుని వెనక్కి లాగడానికి ప్రత్యేకంగా ఒక మనిషిని పెట్టవలసి వచ్చిందంటే, ఆయన ఆ పనిలో ఎంతగా లీనమయ్యేవాడో ఊహించవచ్చు.

2014 డిసెంబరులో ఇంకో ఖాళీ వచ్చింది. టెక్సస్‌లో హైస్కూలు కోచ్‌గా ఎదిగి, 2011లో క్లెమ్సన్ ఆఫెన్సును వేగవంతమైన కొత్త పద్ధతికి మళ్ళించిన చాడ్ మోరిస్, సదరన్ మెథడిస్ట్ విశ్వవిద్యాలయానికి హెడ్ కోచ్‌గా వెళ్ళిపోయాడు. ఈసారి స్వినీ బయట వెతకలేదు. బంతితో పరుగెత్తే రన్నింగ్ బ్యాక్‌ల కోచ్ టోనీ ఎలియట్‌కూ, రిసీవర్ల కోచ్ జెఫ్ స్కాట్‌కూ కలిపి బాధ్యత అప్పగించాడు. వారి మొదటి పరీక్షలోనే, ఆ నెల 29న, ఓక్లహోమా మీద 40-6తో గెలిచారు. 2016, 2018 సీజన్లలో జాతీయ విజేతలయ్యారు. ఇంటివాడికే అవకాశం ఇవ్వాలన్న స్వినీ నమ్మకం ఇక్కడ శిలాశాసనమైపోయింది. దానికి ఆయన సొంత జీవితం కూడా కారణమని నేననుకుంటాను. 2008 అక్టోబరులో హెడ్ కోచ్ టామీ బౌడెన్ సీజన్ మధ్యలో తప్పుకున్నప్పుడు, ఎన్నడూ కోఆర్డినేటర్‌గా పనిచేయని ఈ రిసీవర్ల కోచ్‌నే నమ్మి క్లెమ్సన్ జట్టును అప్పగించింది. తనకు దక్కిన నమ్మకాన్ని తనవారికి పంచాలనుకోవడం మంచి మనసే. దాన్ని నేను తక్కువ చేయను.

కానీ 2014లో ఆ పద్ధతి ఎందుకు ఫలించిందో విడమరిచి చూడాలి. మోరిస్ వెళ్ళాడు, మోరిస్ పద్ధతి వెళ్ళలేదు. ఎలియట్, స్కాట్ ఆ పద్ధతిలో నాలుగేళ్ళు ప్రతిరోజూ పనిచేసి, దానిని ఆటగాళ్ళకు చేతులారా నేర్పినవారు. డెషాన్ వాట్సన్ వంటి క్వార్టర్‌బ్యాక్ జట్టులోనే ఉన్నాడు. పైగా అవతల డిఫెన్సు వెనబుల్స్ చేతుల్లో పదిలంగా ఉంది కాబట్టి కొత్తవారు తడబడినా జట్టు కూలిపోయే ప్రమాదం లేదు. అంటే ఇంటివాడు గెలిచింది ఇంటివాడైనందుకు కాదు, కావలసిన విద్య అప్పటికే ఇంట్లో ఉన్నందుకు.

2021 డిసెంబరులో పరిస్థితి పూర్తిగా వేరు. 5వ తేదీన వెనబుల్స్ ఓక్లహోమా హెడ్ కోచ్ అయ్యాడు. ఐదు రోజులకే ఎలియట్ వర్జీనియా విశ్వవిద్యాలయానికి వెళ్ళిపోయాడు. క్రీడా విభాగాధిపతి డాన్ రాడకోవిచ్ కూడా ఆ రోజుల్లోనే మయామీకి కదిలాడు. కొత్త కుర్రవాళ్ళు సంతకాలు చేసే రోజు 15వ తేదీ. ఆ తర్వాత రెండు వారాలకు బౌల్ గేమ్. ఆ ఒత్తిడిలో స్వినీ ఆఫెన్సును క్వార్టర్‌బ్యాక్‌ల కోచ్ బ్రాండన్ స్ట్రీటర్‌కు, డిఫెన్సును ముఖ్యంగా వెస్ గుడ్విన్‌కు అప్పగించాడు. గుడ్విన్ తెలివైనవాడు, ప్రొఫెషనల్ జట్టు అరిజోనా కార్డినల్స్‌లో హెడ్ కోచ్ బ్రూస్ ఏరియన్స్ దగ్గర పనిచేసి వచ్చినవాడు, వెనబుల్స్‌కు తెర వెనుక కుడిభుజం. అయినా అప్పటికి ఆయన ఏ పెద్ద జట్టులోనూ డిఫెన్సును నడిపినవాడు కాదు. వెనబుల్స్ విద్య పుస్తకంలో రాసి పెట్టుకునేది కాదు. మైదానం అంచున నిలబడి, ప్రత్యర్థి కదలిక చూసి, క్షణంలో తేల్చే విద్య. దానిని పక్కనుండి చూసినవాడు వేరు, చేసినవాడు వేరు. ఆ ఏడాది సుమారు 25 లక్షల డాలర్ల జీతం అందుకున్న, దేశంలోనే అత్యధికంగా సంపాదించే అసిస్టెంట్లలో ఒకడైన మనిషి ఖాళీ చేసిన కుర్చీకి, దేశమంతా గాలించకుండా, పది రోజుల లోపలే పేరు ప్రకటించారు. గుడ్విన్‌ను ఎంపిక చేయడాన్ని నేను తప్పు పట్టడం లేదు. ఆయన్ను బయటి నలుగురి పక్కన కూర్చోబెట్టి ఒక్కసారైనా పోల్చి చూడకపోవడాన్ని తప్పు పడుతున్నాను.

తరువాత జరిగింది అందరికీ తెలిసినదే. 2022లో క్లెమ్సన్ తన కాన్ఫరెన్సు (తాను ఆడే జట్ల కూటమి) గెలిచింది గానీ ఆరెంజ్ బౌల్‌లో టెనెసీ చేతిలో 31-14తో ఓడింది, స్ట్రీటర్ ఒక్క ఏడాదికే ఉద్యోగం పోగొట్టుకున్నాడు. 2024 సీజన్ చివర, జాతీయ విజేతను తేల్చే ప్లేఆఫ్‌లో, టెక్సస్ జట్టు క్లెమ్సన్ డిఫెన్సు మీదుగా దాదాపు 300 గజాలు పరుగెత్తి 38-24తో గెలిచిన తర్వాత గుడ్విన్ కూడా వెళ్ళవలసి వచ్చింది. సిద్ధం కాకముందే ఎక్కించి, తడబడగానే దింపేయడం ఆ ఇద్దరికీ జరిగిన అన్యాయమని కూడా నేను భావిస్తాను. విధేయతకు బహుమానమని చెప్పి ఇచ్చిన పదవి వారి వృత్తి జీవితానికి దెబ్బగా మారింది.

అలాగని బయటివాడైతే చాలనుకునేవారికి లూసియానా స్టేట్ కథ చెప్పాలి. 2019లో ఆ జట్టు పదిహేను ఆటలకు పదిహేనూ గెలిచింది. క్వార్టర్‌బ్యాక్ జో బరో 60 టచ్‌డౌన్ పాస్‌లు (నేరుగా స్కోరు తెచ్చేవి) విసిరాడు. జాతీయ ఫైనల్ అయిన కొద్ది రోజులకే ఆ దాడికి ప్రాణం పోసిన జో బ్రేడీ ప్రొఫెషనల్ జట్టు కరోలినా పాంథర్స్‌కు, డిఫెన్సు నడిపిన డేవ్ అరాండా బేలర్‌కు వెళ్ళిపోయారు. హెడ్ కోచ్ ఎడ్ ఓర్జెరాన్ డిఫెన్సు కోసం బో పెలీనీని తిరిగి పిలిచాడు. 2007లో అదే జట్టు జాతీయ విజేతగా నిలిచినప్పుడు డిఫెన్సు కోఆర్డినేటర్‌గా ఉన్నవాడు కనుక అభిమానులకు ఆ పేరు తీపి జ్ఞాపకం. కానీ 2007 నాటి ఆట 2020లో లేదు. కొత్త సీజన్ మొదటి ఆటలోనే మిసిసిపీ స్టేట్ క్వార్టర్‌బ్యాక్ కె.జె. కాస్టెల్లో 623 గజాలు విసిరి కాన్ఫరెన్సు రికార్డు సృష్టించాడు. జట్టు ఆ సీజన్‌ను ఐదు గెలుపులు, ఐదు ఓటములతో (5-5) ముగించింది. పెలీనీని పంపించడానికి సుమారు 40 లక్షల డాలర్లు చెల్లించారు. మరుసటి ఏడాది బ్రేడీ దగ్గర పనిచేసిన జేక్ పీట్జ్‌ను పాంథర్స్ నుంచి తెచ్చి, 2019ని మళ్ళీ పుట్టించాలని చూశారు. అదీ కుదరక, 2021 అక్టోబరులోనే ఓర్జెరాన్ నిష్క్రమణ ఖాయమైంది. ఒకసారి పాత పేరును, మరోసారి పోయినవాడి నీడను తెచ్చుకున్నారు తప్ప, తమ ఆటగాళ్ళకు ఇప్పుడు ఏ విద్య కావాలో చూసుకోలేదు.

ఈ విషయంలో నిక్ శాబన్ అలబామా హెడ్ కోచ్‌గా చేసినది వేరెవరికీ సాధ్యం కాలేదు. డిఫెన్సు కోఆర్డినేటర్ కర్బీ స్మార్ట్ హెడ్ కోచ్‌గా జార్జియాకు వెళితే, అదే జార్జియా నుంచి జెరెమీ ప్రూయిట్ వచ్చాడు. కిఫిన్, సార్కిసియన్, డాబోల్, లాక్స్‌లీ అంటూ ఆఫెన్సు కోఆర్డినేటర్లు తరచూ మారినా జట్టు పోటీలోనే ఉంది. పదవులు పోగొట్టుకున్న హెడ్ కోచ్‌లను అనలిస్టులుగా (తెర వెనుక ఆటను విశ్లేషించేవారుగా) చేర్చుకుని, ఖాళీ రాకముందే మనిషిని సిద్ధంగా ఉంచుకోవడం ఆయన పద్ధతి. అంతటివాడు కూడా 2017 జనవరిలో ఫైనల్‌కు వారం ముందు కిఫిన్‌ను పంపి సార్కిసియన్ చేతికి ఆట అప్పగించాడు. క్లెమ్సన్ 35-31తో గెలిచింది. సమయం చేసే నష్టాన్ని ఎంత సన్నద్ధతా పూర్తిగా పూడ్చలేదు.

క్లెమ్సన్ బయటకు చూడటం మొదలుపెట్టలేదని నేననడం లేదు. 2023 జనవరిలో ఆఫెన్సు కోఆర్డినేటర్‌గా గారెట్ రైలీని టెక్సస్ క్రిస్టియన్ విశ్వవిద్యాలయం నుంచి తెచ్చారు. ఉత్తమ అసిస్టెంట్‌కు ఇచ్చే బ్రాయిల్స్ పురస్కారం అప్పుడే అందుకున్నవాడు, దేశమంతా మాట్లాడుకుంటున్నవాడు. ఆ ఎంపికను అందరితో పాటు నేనూ స్వాగతించాను. అయితే ఆయన ఆఫెన్సుకు తగిన లైన్ ఆటగాళ్ళు ఉన్నారా అన్న ప్రశ్న వెనుకబడింది. 2023 సీజన్ అయ్యాక గానీ లైన్ కోచ్‌ను మార్చి, జార్జియాలో ఆ పని చేసిన మాట్ లూక్‌ను తీసుకోలేదు. డిఫెన్సు లైన్‌కు రెండు చివరలా నిలబడే డిఫెన్సివ్ ఎండ్‌ల కోసం క్రిస్ రంఫ్‌ను తెచ్చిందీ అప్పుడే. ఈ రెండు నియామకాల గురించి పత్రికల్లో పెద్దగా చర్చ జరగలేదు గానీ, కోఆర్డినేటర్ గీసిన బొమ్మ మైదానంలో నిలబడాలంటే ముందు లైన్ నిలబడాలి. కొత్త కోఆర్డినేటర్‌ను తెచ్చిన రోజునే ఆ లైన్‌కు ఎవరు నేర్పుతారన్నది కూడా తేలాలి. ఏడాది ఆగి తేల్చితే ఆ ఏడాది ఆటగాళ్ళు బలైపోతారు. 2025 జనవరిలో డిఫెన్సు బాధ్యత పెన్ స్టేట్ నుంచి వచ్చిన టామ్ అలెన్‌కు ఇచ్చారు. ఆయన ఇండియానాలో హెడ్ కోచ్‌గా పనిచేసిన అనుభవజ్ఞుడు. అయినా దేశంలో నాలుగో ర్యాంకుతో మొదలైన ఆ సీజన్ 7-6తో ముగిసింది. ఒక్కో కుర్చీని ఒక్కో ఏడాది మార్చుకుంటూ పోతే, నలుగురు మంచివాళ్ళు ఉన్నా నాలుగు వేర్వేరు ఆలోచనలే మిగులుతాయి.

ఒక మిత్రుడు నాతో వాదిస్తూ, "బయటివాళ్ళను తెస్తే క్లెమ్సన్ కుటుంబం చెదిరిపోతుంది" అన్నాడు. ఆ కుటుంబ భావనే ఈ జట్టును నేను ప్రేమించడానికి కారణం, కనుక ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ వెనబుల్స్ కూడా ఓక్లహోమా నుంచి వచ్చిన బయటివాడే. పదేళ్ళు ఉండి, తన కొడుకులు ఇదే జట్టులో ఆడేంతగా ఈ నేలలో కలిసిపోయాడు. కుటుంబంలోకి కొత్తవాళ్ళు వచ్చినప్పుడు అది చెదరలేదు, పెరిగింది.

నేను కోరేది పెద్ద విషయమేమీ కాదు. క్లెమ్సన్ ప్రభుత్వ విశ్వవిద్యాలయం. కోచ్‌ల ఒప్పందాలను ధర్మకర్తల మండలిలోని జీతాల కమిటీ ఆమోదించాలి. ఆ కమిటీ ఒప్పందం మీద చేయెత్తే ముందు హెడ్ కోచ్‌ను మూడు విషయాలు అడగాలి. వెళ్ళినవాడు చేసిన పనుల్లో ఏవి ఇప్పుడు చేసేవారు లేరు? బయటివారిలో ఎవరెవరితో మాట్లాడారు? ఈ కొత్త మనిషి కింద పనిచేయబోయే కోచ్‌లలో ఎవరు ఉంటారు, ఎవరు మారతారు? 2021లో ఎంపిక ఒక వారం ఆలస్యమైతే ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్ళు సంతకం చేయకుండా చేజారి ఉండవచ్చు. నాలుగు సీజన్లు తడబడటం కంటే ఆ నష్టం చిన్నది.