తెలిసిన ముఖం వేరు, ఫోటోలో ముఖం వేరు

గుంటూరు మిర్చి యార్డులో బస్తా మూతి విప్పగానే వ్యాపారి "తేజ" అనేస్తాడు. ముందు మిరపకాయ అనుకుని, తర్వాత ఏ రకమా అని ఆలోచించడు. సన్నగా, పొట్టిగా ఉంటే తేజ. ముడతలు పడి ముదురు రంగులో ఉంటే బ్యాడిగి. గుప్పెడు కాయలు చేతిలోకి తీసుకుని తాలు (రంగు పోయిన నాసిరకం కాయలు) ఎంత కలిసిందో చూస్తాడు, ఒకటి విరిచి బాగా ఆరిందో లేదో చూస్తాడు, ధర చెబుతాడు. పక్కన నిలబడ్డ మనకు అన్నీ ఎర్రటి మిరపకాయలే.

మామూలుగా మనిషి ఏ వస్తువునైనా ముందు ఒక మధ్యస్థాయిలో గుర్తిస్తాడని మనస్తత్వ శాస్త్రవేత్త ఎలినార్ రోష్ బృందం 1976లో చూపించింది. ఎదురుగా ఉన్నదాన్ని 'కుర్చీ' అంటాం, ఫర్నిచర్ అనం, వంటింటి కుర్చీ అనీ అనం. 1991లో టనాకా, టేలర్ ఇదే పరీక్ష పక్షుల నిపుణులకూ కుక్కల నిపుణులకూ పెట్టారు. సొంత రంగంలో వాళ్లు 'పక్షి' అన్నంత వేగంగా అది ఏ పక్షో చెప్పేశారు. ఎదుటివాళ్ల రంగానికి వచ్చేసరికి మాత్రం మనలాంటివాళ్లే. మిర్చి వ్యాపారిని తీసుకెళ్లి పొగాకు వేలంలో నిలబెట్టినా అంతే అనుకోవాలి.

దృశ్యాలను గుర్తించడానికైతే ఇంత అనుభవం కూడా అక్కర్లేదు. సెకనులో 50వ వంతు మాత్రమే చూపించిన ఫోటోలో జంతువు ఉందో లేదో మెదడు 150 మిల్లీసెకన్లలోనే తేల్చేస్తుందని సైమన్ థోర్ప్ బృందం 1996లో కనిపెట్టింది.

అసలు పేచీ ముఖాలతోనే. "ఒక్కసారి చూస్తే చాలు, జన్మలో మర్చిపోను" అనేవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. నాకు ఆ మాట మీద పెద్దగా నమ్మకం లేదు. 2011లో రాబ్ జెంకిన్స్ బృందం బ్రిటన్‌లో కొందరికి 40 ఫోటోలు ఇచ్చి, ఒక్కో మనిషివి ఒక్కో కుప్పగా పెట్టమంది. అందులో ఉన్నది ఇద్దరే, నెదర్లాండ్స్‌లో పేరున్నవాళ్లు. వాళ్లెవరో తెలియని బ్రిటన్‌వాళ్లు ఏడెనిమిది కుప్పలు చేశారు. నెదర్లాండ్స్‌వాళ్లు మాత్రం తేలిగ్గా రెండే కుప్పలు పెట్టారు. ఫోటోలు అవే. వెలుతురు, వయసు, నవ్వు, జుట్టు మారితే తెలియని ముఖం మనకు ఇంకో మనిషి అయిపోతుంది.

పోనీ, ఉద్యోగంలో రోజూ ఇదే పని చేసేవాళ్లకు అలవాటవుతుందా? ఆస్ట్రేలియా పాస్‌పోర్ట్ అధికారులను 2014లో పరీక్షిస్తే, ఎదురుగా నిలబడ్డ మనిషిది కాని ఫోటోను వంద సార్లలో 14 సార్లు 'ఇతనిదే' అని ఒప్పుకున్నారు. సర్వీసు ఎక్కువున్నవాళ్లూ, కొత్తగా చేరినవాళ్లూ ఒకటే. మిర్చి వ్యాపారికి కన్ను కుదిరింది గానీ వీళ్లకు కుదరలేదు. నాకు తోచిన కారణం ఒకటుంది: తాలు కలిసిన సరుకు కొంటే వ్యాపారి జేబుకు ఆ వారంలోనే చిల్లు పడుతుంది. తప్పు ఫోటోను వదిలేసిన అధికారికి తాను తప్పు చేశానన్న సంగతే తెలియదు.

ఇప్పుడు విజయవాడలో ఏ పెద్ద పరీక్షా కేంద్రానికైనా వెళ్లి చూడండి. గేటు దగ్గర క్యూ, లోపల ఇన్విజిలేటర్ చేతిలో హాల్ టికెట్ల కట్ట. స్టాంపు సైజు ఫోటో, అదీ ఎప్పుడో కళ్లజోడు లేనప్పుడు తీసింది. ఎదురుగా టెన్షన్‌తో చెమట పట్టిన పిల్లాడు. పేపరు ఇచ్చే టైము దగ్గరపడుతుంటే ఒక్కొక్కరి మీద రెండు చూపులకు మించి పడవు. ఒకరి బదులు ఇంకొకరు రాసి దొరికిపోయారన్న వార్త వచ్చినప్పుడల్లా "చూసుకోలేదా?" అని ఇన్విజిలేటర్‌ను తిడతాం. చూశారు. చూస్తే తెలిసే పని కాదది.

కాబట్టి తనిఖీ చేసేవాళ్లకు జాగ్రత్తలు చెప్పడం కన్నా కార్డును మార్చడం మేలు. ఒకే మనిషివి వేర్వేరు ఫోటోలు కొన్ని కలిపి ఇస్తే పోల్చడంలో తప్పులు తగ్గుతాయని ప్రయోగాల్లో తేలింది. ఇద్దరు విడివిడిగా చూసి చెప్పినా తగ్గుతాయి. హాల్ టికెట్ మీద ఇంకో రెండు ఫోటోలు అచ్చువేస్తే అయ్యే ఖర్చు ఎంత? వేలిముద్ర యంత్రాల టెండర్లకు పెట్టేదాని ముందు అది లెక్కలోకే రాదు.

సీసీ కెమెరాలదీ ఇదే కథ. మసకగా ఉన్న వీడియోలో తెలియని మనిషిని గుర్తుపట్టడంలో అనుభవమున్న పోలీసులు కూడా మామూలు జనం కంటే మెరుగ్గా లేరని 1999లో మైక్ బర్టన్ బృందం తేల్చింది. అవే వీడియోల్లో ఉన్న లెక్చరర్లను వాళ్ల విద్యార్థులు మాత్రం ఇట్టే పట్టేశారు. బెంజ్ సర్కిల్ కెమెరాలో చిక్కిన దొంగ బొమ్మను కంట్రోల్ రూమ్‌లో పదిమంది గంటలకొద్దీ చూడటం కన్నా, అతని వీధిలో టీకొట్టు నడిపే ఆయనకు ఒక్క నిమిషం చూపిస్తే పని త్వరగా తెములుతుంది.