సవరణ: సీప్యాప్ మాస్కు పట్టీలు, గాలి రంధ్రాల విషయం

స్లీప్ ఆప్నియాకు (నిద్రలో ఊపిరి మాటిమాటికీ ఆగిపోయే సమస్యకు) వాడే, ఒత్తిడితో గాలి పంపే సీప్యాప్ యంత్రపు మాస్కు అంచుల నుంచి గాలి పోతుంటే పట్టీలను వీలైనంత బిగించాలని ఇంతకుముందు నేను రాసినది తప్పు. మాస్కుతో పాటు వచ్చే వాడుక పుస్తకమూ, తిరుపతిలో ఈ యంత్రాలను అమర్చే నిపుణుడూ చెప్పేది వేరు. చాలా మాస్కుల్లో సిలికాన్ మెత్తకు ఉండే పలుచని పొర గాలికి ఉబ్బి చర్మానికి ఆనుకోవాలి. అతిగా బిగిస్తే అది మడతపడి లీకు పెరగడమే కాక, ముక్కు దూలం ఒరుసుకుపోతుంది. పడుకుని, యంత్రం నడుస్తుండగా, పట్టీలు కాస్త వదులు చేసి, మాస్కును ముఖం నుంచి కొద్దిగా లాగి మళ్లీ ఆనించి, ఆపైన రెండు వైపులా సమానంగా సర్దుకోవాలి. కూర్చుని సర్దుకున్నది పక్కకు ఒత్తిగిలితే నిలవదు.

‘గాలి పోయే సందులన్నీ మూయాలి’ అన్న నా వాక్యాన్ని కొందరు మాస్కు ముందున్న సన్నని రంధ్రాలకు కూడా అన్వయించుకున్నారు. వాటికి టేపు అంటించడం ప్రమాదకరం. మనం వదిలిన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయేది వాటి గుండానే. రెస్‌మెడ్ కంపెనీ యంత్రాల్లో నిమిషానికి 24 లీటర్ల లోపు లీకును ఆమోదయోగ్యంగా పరిగణిస్తారు, ఆ లెక్కలో ఈ రంధ్రాల గాలి చేరదు.

ముఖానికి నూనె ఉన్నా మెత్త జారుతుంది కాబట్టి ఆ మెత్తను రోజూ గాఢత లేని సబ్బునీళ్లతో కడగాలి. తిరుమలలో తలనీలాలిచ్చి వచ్చినవారికి (మన ఊళ్లో ఇది మామూలే) పాత కొలత పట్టీలు వదులవుతాయి, ఆ రాత్రే మళ్లీ సర్దుకోవాలి.