అవ్వ ఒడిలోని బొమ్మను ఎందుకు దాచాలి?

గత ఆదివారం మా ఇంటికి వచ్చిన దగ్గరి బంధువొకరు, ఎనభై మూడేళ్ల మా అవ్వ ఒడిలో గుడ్డబొమ్మను చూసి, "పెద్దావిడ చేత ఈ ఆటలేమిటి, నలుగురూ చూస్తే ఏమనుకుంటారు?" అంటూ దాన్ని తీసి బీరువా మీద పెట్టారు. ఆ రాత్రి అవ్వ అన్నం ముట్టలేదు. పదకొండు దాటేవరకు బైరాగిపట్టెడలోని మా ఇంట్లో గదిగదీ తిరుగుతూ మంచాల కింద వెతుకుతూనే ఉంది. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను.

అవ్వకు డిమెన్షియా, అంటే జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా తగ్గిపోయే జబ్బు, ఉందని తెలిసి నాలుగేళ్లయింది. మన దేశంలో అరవై ఏళ్లు దాటినవారిలో సుమారు 88 లక్షల మందికి ఈ వ్యాధి ఉన్నట్లు 2023లో వెలువడిన అంచనా చెబుతోంది కాబట్టి, తిరుపతిలో ఇలాంటి ఇల్లు మాది ఒక్కటే కాదు. పొద్దుగూకే వేళకు ఆమెలో అలజడి మొదలవుతుంది. బిడ్డ ఎక్కడో ఏడుస్తున్నాడని, పాలివ్వాలని వీధి తలుపు దగ్గరికి వెళుతుంది. "నీ బిడ్డలకు అరవై ఏళ్లొచ్చాయి అవ్వా" అని చెబితే, ఆ మాట ఆమెకు ప్రతిసారీ కొత్త దెబ్బే.

ఒడిలో ఒక బొమ్మ ఉంటే ఆ అలజడి తగ్గుతుందేమో అనుకున్నాం. ఆ విషయంలో మొదట నేనూ పొరపాటు చేశాను. గాంధీరోడ్డులో కొన్న ప్లాస్టిక్ బొమ్మ, పడుకోబెడితే కళ్లు మూసుకునే రకం. "బిడ్డ కండ్లు తెరవలేదు నాయనా" అని ఆమె వణికిపోయింది. తరువాత మా అమ్మ, అవ్వ పాత నూలుచీరతో, ఒడిలో బరువు తెలిసేలా గుడ్డలు బిగించి ఒక బొమ్మను కుట్టి, దారంతో కళ్లు వేసింది. దాన్ని చేతికివ్వకుండా బల్ల మీద వదిలేశాం. మూడో రోజు అవ్వే వచ్చి, తల కింద చేయిపెట్టి ఎత్తుకుని, ఫ్యాను గాలి తగలకుండా కొంగు కప్పింది.

బొమ్మతో జబ్బు నయం కాదు. దీనిపై జరిగిన పరిశోధనలు కొన్నే, అవీ చిన్నవే. కొందరు వృద్ధులు బొమ్మవైపు చూడనైనా చూడరు, అటువంటివారికి బలవంతంగా అంటగట్టడం నిజంగా అవమానమే. బొమ్మకు తినిపిస్తూ తమ కంచాన్ని మరిచిపోయేవారూ ఉంటారు. మా అవ్వ పక్కన అందుకే ఒకరు కూర్చుంటాం.

బ్రిటన్‌లోని బ్రాడ్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డిమెన్షియా సంరక్షణపై పనిచేసిన టామ్ కిట్‌వుడ్, రోగిని పసివాడిలా చూడటాన్నీ, మాయమాటలతో దారికి తేవడాన్నీ వారి వ్యక్తిత్వాన్ని దెబ్బతీసే ప్రవర్తనల్లో చేర్చారు. బొమ్మలను వ్యతిరేకించేవారి వాదనకు బలం ఇదే, దాన్ని నేను కొట్టిపారేయను. అందుకే "ఇది నీ బిడ్డే" అని మేము ఎన్నడూ అనలేదు; ఆమె బిడ్డ అంటే వింటాం, బొమ్మ అంటే ఔనంటాం. కొన్ని ఉదయాలు ఆమే "ఎవరు కుట్టారే దీన్ని, ముక్కు వంకర" అని నవ్వుతుంది. ఇక పసితనం సంగతంటారా, నాలుగేళ్లుగా స్నానం మొదలు జడ వరకు అన్నీ ఒకరి చేత చేయించుకుంటున్న మనిషికి, బొమ్మ ఒడిలో ఉన్నంతసేపు తాను చూసుకోవలసిన ప్రాణం ఒకటుంటుంది. ఆమెను పసిపిల్లను చేసింది, ఆమె ఎదుటే ఆమె గురించి "వీళ్లకేం తెలుస్తుంది" అన్న మన మాటలు.

పైగా నవ్వుతున్నది ఏ ఊరివారు? ఎర్రచందనం బొమ్మల జంటను అపురూపంగా ఇంటికి తెచ్చుకునే ఊరు, దసరాకు మెట్లు కట్టి కొలువు పెట్టి గుగ్గిళ్లు పంచే ఊరు ఇది. కొండమీద ఏకాంత సేవలో భోగ శ్రీనివాసమూర్తిని పవళింపజేసి తాళ్లపాక వారి లాలి పాడతారు. దేవుణ్ణి బొమ్మతో పోల్చడం నా ఉద్దేశం కాదు. లాలి పాడే పెద్దవాళ్లను చూసి ఇక్కడ ఎవరూ ఎన్నడూ నవ్వలేదని మాత్రమే అంటున్నాను.

ఈ దసరాకు వచ్చే బంధువులకు ముందుగానే ఫోను చేసి చెప్పాను: అవ్వ ఒడిలో ఉన్నదేమిటని అడగవద్దు, చూపిస్తే చూడండి, చేతికిస్తే తల కింద చేయి పెట్టి పట్టుకోండి.